పొయ్యికొక్క కుప్ప

మా చిన్నమ్మ ఇందిరమ్మకు కూర్చున్నచోట కాలు నిలవదు. కుట్టుమిషను తొక్కేటప్పుడు తప్ప ఆ కాలు ఊరికే ఊగుతూనే ఉంటుంది. మేడ్చల్‌లో పుట్టింది. పెళ్లి చేసుకుని యాప్రాల్ వచ్చింది. పెనిమిటి పోయాక జాకెట్లు కుట్టి బతికింది. యాప్రాల్‌లో ఆమె అద్దెకుండని గల్లీ లేదు. ఎక్కడికి పోయినా ఒకటే గొడవ, మిషను చప్పుడు. "నీ టకటకకు పిల్లలు సదువుతలేరు" అని ఒక ఇంటామె, "మా అత్తకు కన్ను మూతపడ్తలేదు" అని ఇంకొక ఇంటామె. వాళ్లు ఖాళీ చేయమనకముందే చిన్నమ్మ మూటలు కట్టేది. పోనుపోను మూటలు విప్పడమే మానేసింది. చీర కావాలంటే ముడి కొంచెం వదులు చేసి, లోపలికి చెయ్యి పెట్టి లాక్కునేది.

నేను ఏడో తరగతిలో బడి మానేసి ఆమె దగ్గరికి వచ్చాను. హుక్కులు, కాజాలు, చేతికుట్టు నావి. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో ఆమె మాట్లాడేది, నేను తల వంచుకుని వినేదాన్ని.

మిలిటరీ ఆఫీసర్ల ఇళ్లకు కుట్టిచ్చే రోజుల్లో ఒక మేడమ్ పాత క్యాలెండరు ఇచ్చింది. తారీఖులు చిరిగిపోయి బొమ్మ ఒక్కటే మిగిలింది. హాలండ్ దేశంలోని ఏదో ఊరట. ఇంటి గడప ముందే నీళ్లు, నీళ్లలో ఇంటి నీడ, గడప పక్కనే కట్టేసిన చిన్న పడవ. బొమ్మలో మనిషన్నవాడు లేడు.

"సూడవే, సప్పుడు చేసేటోళ్లు లేరు, సప్పుడని తిట్టేటోళ్లు లేరు" అనేది చిన్నమ్మ. గది మారిన ప్రతిసారీ ముందు ఆ క్యాలెండరే గోడకెక్కేది. మేకు కొట్టనివ్వని ఇళ్లలో కిటికీ చువ్వకు దారంతో కట్టేది.

తొంభై ఎనిమిదిలో, శామీర్‌పేట చెరువు ఒడ్డున బెస్తవాళ్ల ఇళ్లలో ఒకటి అమ్మకానికి ఉందని బస్సులో ఎవరో అంటుంటే విన్నది. మర్నాడే నన్ను తీసుకుని కరీంనగర్ రోడ్డు బస్సెక్కింది.

ఇల్లు ముత్తయ్య తాతది. చేపలు పట్టే మనిషి. భార్య పోయింది, బౌరంపేట్‌లో ఉన్న కూతురు తన దగ్గరికి వచ్చేయమంటోంది. పాత పెంకుటిల్లు, ముందు అరుగు, లోపల మూలకు ఎర్రమన్నుతో అలికిన కట్టెల పొయ్యి. వెనక తలుపు తీస్తే పది అడుగుల్లో చెరువు. చిన్నమ్మ ఆ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఏందమ్మా, దూలాలు సూడవా? చెదలున్నయో లేవో?" అన్నాడు తాత.

"చెరువు ఎండుతదా తాతా?"

"ఎండాకాలం ఎన్కకు పోతది. మల్లొస్తది."

"అయితే సరే."

"ఏం బేరంరా దేవుడా! కొనేటిదే గిట్లుంటే అమ్మేటోనికి బుగులైతది" అని తాత నవ్వాడు.

ఇన్నేళ్ల కుట్టు కూలి, మేడ్చల్‌లో తన వాటాకు వచ్చిన జాగా, అన్నీ ఆ ఇంట్లోకే పోయాయి. కాగితాలు ఆమె పేరు మీదికి మారాక మేం దిగాం. వచ్చిన పొద్దున పాలు పొంగించింది. యాప్రాల్ నుంచి తెచ్చుకున్న కిరసనాయిలు స్టవ్‌ను గడప లోపల పెట్టి, దాని మీదే పొంగించింది. పక్కింటి జంగమ్మ వచ్చి, పాలు తాగి, మూలనున్న పొయ్యి వైపూ స్టవ్ వైపూ చూసి, పోయింది. ఆ చూపు నేను చూశాను. అర్థం మాత్రం తెలియలేదు.

ముత్తయ్య తాత ఇల్లు అమ్మాడు గానీ వదల్లేదు. రోజూ పొద్దున్నే బౌరంపేట్ నుంచి వచ్చి, మమ్మల్ని పిలవకుండానే లోపలికి నడిచి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి అరుగు మీద కూర్చునేవాడు. చిన్నమ్మకు అది తప్పుగా తోచేది కాదు. పైగా అతడినే అడిగేది.

"తాతా, గీ గోడకు మేకు కొట్టుకోవచ్చా? క్యాలెండరుకు."

"ఇల్లు నీదేనాయె, నన్నడుగుతవేంది బిడ్డా?"

అయినా కొట్టలేదు. కిటికీ చువ్వకే కట్టింది. పొయ్యి ముట్టిద్దామని నేనంటే, "పొగకు గోడలు నల్లవడ్తయే, ఎవలన్న ఏమన్నంటరు" అనేది.

కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. దానితో ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. వెనక తలుపు తీసేది, నీళ్లు చూసేది, మూసేది. కాసేపటికి మళ్లీ తీసేది. మిషను ముందు కూర్చుంటే జంగమ్మ గోడవతల నుంచి అందుకునేది.

"ఓ ఇందిరమ్మా! నీ మిషను సప్పుడుకు శాపలన్నీ అవుతలి ఒడ్డుకు ఉరుకుతున్నయి. మా మొగోడు ఒట్టి వలతోని వస్తాండు."

"మీ ఆయన కల్లు తాగి ఒడ్డుకే పండుకుంటడని తాత చెప్పిండు గదా జంగమ్మా" అని చిన్నమ్మ నవ్వేసింది. జంగమ్మ కూడా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి చిన్నమ్మ మిషనుకు గుడ్డ కప్పింది. జాకెట్లన్నీ చేత్తో కుట్టసాగింది. ఊగడం తప్ప పనిలేని కాలు మరింత ఊగింది. ఒక సాయంత్రం సూదిలో దారం ఎక్కిస్తూ అన్నది.

"మల్లా యాప్రాల్ పోదామానే? గీ ఇల్లు ఎవలకన్న అమ్మి."

మూటలు గోడవారన అలాగే ఉన్నాయి. అద్దె ఇల్లయితే ఎవరో పొమ్మనాలి. సొంత ఇంట్లోంచి ఆమెను పొమ్మనే పని ఆమే చేసుకునేలా ఉంది. ఇక్కడా నిలవకపోతే ఇంకెక్కడా నిలవదని నాకు అనిపించింది.

ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి పోయాక పెద్దవల రోజు వచ్చింది. ఏడాదికొకసారి ఒడ్డున ఉన్న ఇళ్లవాళ్లంతా కలిసి వల లాగుతారు. పడిన చేపను పొయ్యికొక్క కుప్ప చొప్పున పంచుతారు. రవ్వ, బొచ్చె, కొర్రమట్ట అన్ని కుప్పల్లోనూ సమానంగా పడాలి. ఏ కుప్ప ఎవరిదన్న తగువు రాకుండా ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో గుర్తు ఇస్తారు. గవ్వ, గాజుముక్క, చింతగింజ, ఏదైనా సరే. ఎవరి గుర్తు ఏదో తెలియని మనిషి వాటిని కళ్లు మూసుకుని కుప్పల మీద వేస్తాడు. ఇదంతా ముత్తయ్య తాతే మాకు చెప్పాడు. చిన్నమ్మ మిషను నుంచి దారం చుట్టే గిలక, బాబిన్ తీసి కొంగున కట్టుకుంది.

ఒడ్డున కుప్పలు పోశారు. కులపెద్ద ఓదెలు తువ్వాల పరిచాడు. అందరూ గుర్తులు వేస్తున్నారు. చిన్నమ్మ బాబిన్ వేసింది. ఆ వెనకే ముత్తయ్య తాత మొలలోంచి వలకు కట్టే సీసం గుండు తీసి వేశాడు.

ఓదెలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. "ఏంది మామా, ఒక్క ఇంటికి రెండు గుర్తులా?"

"మా బాపు కాలం నుంచి గీ గుండే పడ్తాంది" అన్నాడు తాత.

"ఇల్లు అమ్ముకుంటివి గదనే. నీ పొయ్యి ఇగ బౌరంపేట్ల."

"అయితే ఆమెదే పడాలె" అన్నారు ఎవరో.

జంగమ్మ నడుమున చెయ్యి పెట్టుకుంది. "ఆమెదెట్ల పడ్తది? వచ్చినకాడికెల్లి ఆ ఇంట్ల పొయ్యి ముట్టలే. పాలు సుత స్టవ్వు మీదనే పొంగిచ్చింది. మూటలు సుత ఇప్పలే. రేపో మాపో పోయే మనిషికి కుప్పేంది? పొయ్యికొక్క కుప్పంటే పొయ్యి ఉండాలె గద!"

ఓదెలు చిన్నమ్మ వైపు చూశాడు. "నిజమేనా అమ్మా?"

చిన్నమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఊగే కాలు మొదటిసారి ఆగింది. లేచి ఇంటివైపు గబగబా నడిచింది. మూటలు తీసుకోవడానికే పోతోందనుకుని నేను వెంట పరుగెత్తాను.

మూట దగ్గరికే పోయింది. ముడి వదులు చేయలేదు, పళ్లతో పట్టి లాగి మొత్తం విప్పేసింది. చీరలు, గిన్నెలు, కత్తిరించిన గుడ్డపేలికలు నేలంతా పడ్డాయి. పేలికలు పిడికిట్లో పట్టుకుని పొయ్యిలో కుక్కింది. తాత అటక మీద వదిలేసిపోయిన తుమ్మకట్టెలు లాగింది. స్టవ్‌లోంచి కిరసనాయిలు వొంపింది.

"అగ్గిపెట్టె తేవే, జల్దీ!"

మంట లేచింది. చాలాకాలంగా వాడని పొయ్యి, ఇల్లంతా పొగ కమ్ముకుంది. దగ్గుతూ కళ్లు తుడుచుకుంటూ ఆమె ఊదుతూనే ఉంది. పెంకుల సందుల్లోంచి పొగ బయటికి పోతోంది. ఒడ్డున కేకలు వినబడ్డాయి. "ఇల్లు కాల్తాంది! ముత్తయ్య మామా, నీ ఇల్లు కాల్తాంది!"

అందరికన్నా ముందు తాతే వచ్చాడు. అలవాటుగా లోపలికి అడుగుపెట్టి, పొయ్యి ముందు కూర్చున్న చిన్నమ్మను చూసి ఆగిపోయాడు.

"ఎన్క తలుపు తెరువు బిడ్డా. గీ పొయ్యి పొగ అటే పోతది. మా ఇంటిది గట్లనే చేస్తుండె" అన్నాడు.

నేను తలుపు తీశాను. చెరువు గాలి లోపలికి వచ్చింది. పొగ కదిలింది.

తాత తిరిగి ఒడ్డుకు పోతే నేనూ వెంట పోయాను. అప్పటికే మా ఇంటి కుప్పను మిగతావాటిలో కలిపేశారు. తాత ఓదెలు చేతిలోంచి తన సీసం గుండు తానే తీసుకుని మొలలో పెట్టుకున్నాడు. "పొయ్యి ముట్టింది. నేను సూసిన. ఇగ ఆ దారపు గిలకనే ఉంచు" అన్నాడు.

"కుప్పలు పోసిన తర్వాత పొయ్యి ముట్టిస్తే లెక్కకొస్తదా?" అంది జంగమ్మ.

"గుర్తులు ఇంక పడలే గద" అన్నాడు ఓదెలు. "ఇంటికొక్క శాప తియ్యుండ్రి. ఇంకో కుప్ప చెయ్యాలె."

అందరూ సణుగుతూనే తీశారు. జంగమ్మ అన్నిటికన్నా సన్నది ఏరింది. ఓదెలు చూస్తూనే ఉండేసరికి దాన్ని వదిలి మంచి రవ్వను తీసి, "తిను తల్లీ, మస్తు పొగ తాగినవ్" అని నా ముందుకు విసిరింది.

ఆ పూట పులుసు పొయ్యి మీదే అయింది. కొంచెం మాడింది. ముత్తయ్య తాతను పిలిస్తే వచ్చి తిన్నాడు, వంక పెట్టలేదు. చెయ్యి కడుక్కుని బౌరంపేట్ పోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చిన్నమ్మ వెనక తలుపు బదులు ముందు తలుపు తీసి చూడటం మొదలుపెట్టింది. పొయ్యి మీది గోడ అప్పటికే నల్లబడింది. మిషను మీది గుడ్డ తీసి తొక్కుతోంది. జంగమ్మ గోడవతల నుంచి ఏదో అంటోంది, చప్పుడులో వినబడటం లేదు.

వారానికి తాత వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు కింద చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని పిలిచాడు.

"ఇందిరమ్మా, ఇంట్లున్నవా? కొన్ని మంచినీళ్లియ్యి బిడ్డా."

చిన్నమ్మ మిషను ఆపింది. చెంబు తీసుకుని లేచింది. అరుగు మీద చీరకొంగుతో దుమ్ము తుడిచి, "కూసో తాతా" అంది.