వాకిట్లో ఆగని ఇంజను

మొన్న ఉరుకుంద ఈరన్న దర్శనానికని అల్లుడి కొత్త కారులో ఆదోని నుంచి బయలుదేరితే, రైలు గేటు దగ్గర బండి ఆగిన మరుక్షణం ఇంజను కూడా ఆగిపోయింది. ఎవరూ తాళం తిప్పలేదు. దిగి తోయాలేమో, ఎవరైనా చూస్తున్నారేమో అని కిటికీలోంచి అటూ ఇటూ చూశాను. అల్లుడు నవ్వి, అది చెడిపోవడం కాదనీ, పెట్రోలు ధర చూస్తే అలా ఉందనీ, బండ్లు తక్కువ తాగి తీరాలని ప్రభుత్వం నిబంధనలు పెట్టి కంపెనీల నెత్తిమీద కూర్చుంటే వాళ్ళు కార్లకే ఈ పొదుపు నేర్పారనీ, నేర్పినందుకు ధర కూడా పెంచారనీ చెప్పాడు. బ్రేకు మీంచి కాలు తీస్తే దానంతటదే మళ్ళీ లేస్తుందట. నా పక్కనున్న మా అమ్మాయి మురిసిపోయింది. ముందు సీట్లో మా పెద్దనాయన కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, ఈమధ్య నిన్నటికీ నేటికీ తేడా మరిచిపోతున్నాడు. ఆయన వైపు చూడటానికి నాకు ముఖం చెల్లలేదు.

మా నాన్న పోయాక నన్ను పెంచింది పెద్దనాయనే. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఒక పాత అంబాసిడరును బాడుగకు తిప్పేవాడు. పెట్రోలు పెరిగి గిట్టుబాటు కాక దానికి డీజిలు ఇంజను వేయించాడు. ఆ రోజుల్లో మన వైపు బాడుగ కార్లు చాలా వరకు అలాగే మారాయి, ఆ ఊగుడు మీకూ గుర్తుండే ఉంటుంది, చేతిలో టీ గ్లాసుంటే సగం ఒళ్ళోకే. అది చాలదన్నట్టు, దారిలో కాస్త పల్లం కనబడితే న్యూట్రల్ చేసి ఇంజను ఆపేసేవాడు. కారు చప్పుడు లేకుండా జారిపోతుంటే, అంత దూరం ఎవరో ఉచితంగా మోసుకుపోతున్నట్టు సంబరపడేవాడు. చిన్నప్పుడు నాకూ అది ఆటే.

పెండ్లయి నేను ఎమ్మిగనూరు అత్తగారింటికి వెళ్ళిందీ ఆ కారులోనే. వాళ్ళ వీధి కాస్త పల్లంగా ఉంటుంది. వీధి మొదట్లోనే పెద్దనాయన చెయ్యి అలవాటుగా తాళం మీదికి పోయింది. వాకిట్లో హారతి పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళు, పక్కన తప్పెట్లవాళ్ళు ఎదురుచూస్తుండగా కారు మెల్లగా జారుకుంటూ వచ్చి నాలుగిళ్ళ ఇవతల నిలిచిపోయింది. ఆ తర్వాత ఎంత తిప్పినా లేవలేదు. బాసికాలతో మేమిద్దరం లోపల కూర్చుని ఉండగానే పెండ్లికొడుకు స్నేహితులు తోశారు, ఆ తోపుకు తగ్గట్టు తప్పెట్లు వాయించారు, వీధి వీధంతా విరగబడి నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. పొద్దుగూకేలోగా మా మరిది నాకు న్యూట్రల్ వదిన అని పేరు పెట్టేశాడు. ఏ పనికి కాస్త ఆలస్యమైనా "న్యూట్రల్ వదినా, లేస్తావా, తోయల్లనా?" అనేవాడు. సరసమే, కాదనను. కానీ ఆ నవ్వులో మా పుట్టింటి లేమి కూడా ఉండేది, అది నా ఒక్కదానికే వినబడుతుందనుకునేదాన్ని.

శ్రావణంలో పెద్దనాయన నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆయన ఎదుటే మా మరిది ఆ పేరు పెట్టి పిలిచాడు. పెద్దనాయన కూడా అందరితోపాటు నవ్వాడు. ఆ మరుసటిసారి వచ్చినప్పుడు కారును వాకిట్లో నిలిపి, ఇంజను అలాగే ఉంచి లోపలికొచ్చాడు. మంచినీళ్ళు తాగాడు, కుశలాలు అడిగాడు, బయట ఆ బండి డగడగలాడుతూనే ఉంది, పొగ ఎదురింటి దాకా పోతోంది. మా మామగారు ఉండబట్టలేక, "ఆపరాదాప్పా, డీజిలు ఊరికే కాలిపోతాంది గదా" అన్నారు.

"కాలనీలేప్పా, మాకేం తక్కువ" అన్నాడు పెద్దనాయన.

ప్రతి పల్లానికీ ఇంజను ఆపి చుక్క చుక్కా మిగుల్చుకునే మనిషి ఆ మాట అంటుంటే వంటింట్లో ఆయనకు టీ వడగడుతూ విన్నాను. ఆ కారు ఉన్నన్నాళ్ళూ మా వాకిట్లో అలాగే చేశాడు. డీజిలు కాలిపోతుంది గనుక గ్లాసు ఖాళీ కాకముందే లేచేవాడు. ఎందుకు చేస్తున్నాడో నాకు తెలుసు. అయినా ఆ చప్పుడుకీ, ఇరుగుపొరుగు విసుక్కోవడానికీ సిగ్గుపడి, తొందరగా వెళ్ళిపోతే బాగుండనుకున్నానే గాని, ఆపేసి ఇంకాసేపు కూర్చో పెద్దనాయనా అని ఒక్కసారైనా అనలేదు.

గేటు ఇంకా లేవలేదు. ఇంజను ఆగే ఉంది. పెద్దనాయన మెల్లగా వెనక్కి తిరిగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఇంజను ఆపొద్దని సెప్పు పాపా. మీ అత్తగారోళ్ళు నగుతారు."

ఆ అత్తమామలు పోయి ఎన్నో ఏళ్ళయింది. నాకు పేరు పెట్టిన మరిది కూడా ఇప్పుడు ఏ కారు చూసినా ముందు అడిగేది లీటరుకు ఎంత ఇస్తుందనే. ఆనాడు మా ఇంటి పరువు తీసిన పనిని ఈనాడు కంపెనీలు గొప్పగా చెప్పి అమ్ముతున్నాయి, జనం గొప్పగా చెప్పుకుని కొంటున్నారు. ఎవరూ నగరు, ఆపనీ పెద్దనాయనా అని నోటిదాకా వచ్చింది. అది ఆ వాకిట్లో అనాల్సిన మాట. ఈ గేటు దగ్గర అనడానికి నోరు రాలేదు. ఆపకుండా ఉంచే మీట ఏదైనా ఉందా అని అల్లుణ్ణి అడిగాను. ఎందుకత్తా దండగ అంటూనే ఏదో నొక్కాడు. ఇంజను లేచింది. పెద్దనాయన తృప్తిగా ముందుకు తిరిగి కూర్చున్నాడు. గేటు లేచేదాకా అది అలా తిరుగుతూనే ఉంది, నేను తల వంచుకునే కూర్చున్నాను.