పుట్టబోయేవాళ్ల పెద్దమ్మ

మా ఆసుపత్రి స్కాన్ డాక్టరమ్మ గర్భిణులతో ముక్తసరిగా మాట్లాడతారు. కడుపులో ఉన్నవాళ్లతో మాత్రం నోరు ఆపుకోలేరు. అందరికీ తానే పెద్దమ్మనని ఆవిడ ప్రకటించుకోవడం వల్ల, వయసులో పెద్దవాణ్ణయిన నేను కూడా ఆవిడను ‘పెద్దమ్మగారూ’ అనే పిలవవలసి వచ్చింది.

“ఏం బుజ్జీ, పెద్దమ్మ వస్తే వీపు చూపిస్తావా? ఇటు తిరుగు!”

బిడ్డ తండ్రి ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

“మీరు కాదు నాయనా, మీరు కూర్చోండి.”

ఊపిరి సాధన విషయంలో ఆవిడ మరీ కఠినం. శిశువు ఉమ్మనీటిని పీల్చి వదులుతూ ఊపిరితిత్తులను పెంచుకుంటుంది. ఆ కదలిక కాస్త ఆలస్యమైతే చాలు, “పుట్టాక నేర్చుకుందామనా? అక్కడ టైమివ్వరు!” అని గదమాయింపు. ఒకసారి తెరవైపే చూస్తూ ఊపిరి బిగబట్టిన తాతగారొకరు కళ్లు తేలేశారు. “బుజ్జీ, నువ్వు బాగానే చేస్తున్నావు. మీ తాతకి కాస్త నేర్పు,” అన్నారావిడ.

నేను పిల్లల సర్జన్ని. ఆధారం లేనిదే ఒప్పుకోను. “మీ మాటలు బిడ్డకు అర్థమవుతాయనడానికి రుజువుందా?” అని అడిగాను.

“లేదండీ. మీ మాటలు పెద్దవాళ్లకు అర్థమవుతాయనడానికి ఉందా?”

ఒకరోజు నన్ను పిలిపించారు. శిశువు ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరలో రంధ్రం. పేగులు పైకి ఎగబాకి ఎడమ ఊపిరితిత్తిని పెరగనివ్వడం లేదు. నేను వివరించబోగా తల్లి చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది.

పెద్దమ్మ నన్ను పక్కకు జరిపి తెరను నిలదీశారు. “బుజ్జీ, ఊపిరితిత్తి గదిలో పేగులకేం పని? ఎవరు రానిచ్చారు?”

కాసేపటికి గోడవైపు నుంచి సన్నని గొంతు వినిపించింది. “పెద్దమ్మా... నేను బతుకుతానా?”

తాను అడగలేని ప్రశ్నను ఆ తల్లి బిడ్డ చేత అడిగించింది.

“అబద్ధం చెప్పను బుజ్జీ, కొందరు బతకరు. కానీ నీ కుడి ఊపిరితిత్తి బాగుంది. ఇక్కడే పుట్టు. ముందు మిషన్ ఊపిరి అందిస్తుంది. కుదుటపడ్డాక ఈ సర్జన్ మామయ్య పేగుల్ని కిందికి దించి కన్నం కుడతాడు.”

“నొప్పెడుతుందా?”

“నిద్రపుచ్చాకే చేస్తాడు.”

“మా అమ్మ తప్పా?”

“ఎవరన్నారా మాట? పంపించు, చెవి మెలేస్తాను!”

గోడవైపున్న భుజాలు కదిలాయి. ఏడుపనుకున్నాను; నవ్వు.

బిడ్డ పుట్టింది, మిషన్ మీద ఉంది, ఆపరేషన్ తట్టుకుంది. ఊపిరి గొట్టం తీసిన మర్నాడు నేను రౌండ్స్‌కు వెళ్తే, తల్లి ఉయ్యాల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“మామయ్యా, మా అమ్మ నన్ను ఎత్తుకోవచ్చా?” అంది సన్నని గొంతుతో.

నర్సులు నావంకే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, ఉయ్యాల మీదికి వంగాను.

“ఎత్తుకోమను బుజ్జీ. కుట్లు జాగ్రత్తని చెప్పు.”