చిన్నాయిన ఎర్రచెలకలో జీడిమామిడి చెట్లు

మా చిన్నతనంలో మా ఊరు చిమ్కోడులో చెరుకు మడ్డి లారీ దిగిందంటే... ఊరంతా ముక్కు మూసుకునేది. మేం పిల్లలం మాత్రం దాని వెనకాలే పరుగెత్తేవాళ్ళం.

చక్కెర మిల్లులో చెరుకు రసం వడగట్టాక మిగిలే నల్లటి మడ్డి అది. పులిసిన వాసన. అది దిగేది మా రత్నం చిన్నాయిన చెలకలో...

చిన్నాయిన అంటే నాన్నకు తమ్ముడు. హుమ్నాబాద్‌లో లారీ డ్రైవరుగా చేసేవాడు. ఒక ప్రమాదంలో ఎడమ కాలు దెబ్బతింది. క్లచ్ తొక్కలేక ఇంటికొచ్చేశాడు. చాలా రోజులు మంచం దిగలేదు. ఆదివారం అందరం చర్చికి వెళ్తుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి అలా అయిపోతే... మాకు ఆ గదిలోకి వెళ్ళాలంటేనే భయంగా ఉండేది.

ఊరి బయట మాకొక ఎర్రచెలక ఉండేది. పేరుకే భూమి. జానెడు తవ్వితే మొరం, అంతా ఎర్రటి గులకరాళ్ళే. కందులు వేసినా గింజ కట్టకముందే ఎండిపోయేవి. రోడ్లకు మొరం తోలే గుత్తేదారు అడుగుతుంటే, తవ్వుకోనిద్దామని నాన్న అనుకున్నాడు.

ఆ మాట విన్న రోజే చిన్నాయిన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"లారీ తోలుకొని సముద్రం దిక్కు పోయినప్పుడు చూసిన అన్నా. ఆడ గూడ మట్టి గిట్లనే ఎర్రగుంటది. గుట్టల నిండ కాజు చెట్లే. ఆ చెలక నాకియ్యి."

"ముందుగాల నీ కాలు చూసుకో తమ్మీ. ఆ రాళ్ళల్ల ఏం మొలుస్తయి?"

"మొలవకపోతే అప్పుడు తవ్వుకోనియ్యి."

నాన్న సరే అనలేదు... కాదనీ అనలేదు. తమ్ముడు మళ్ళీ నోరు విప్పి ఏదో అడిగాడన్న సంతోషమే ఆయనకు ఎక్కువై ఉంటుంది.

సువార్తమ్మ చిన్నమ్మ గడ్డపారతో గుంతలు తవ్వేది. చిన్నాయిన గుంత అంచున కాలు చాపుకుని కూర్చుని, తట్టతో మొరం ఎత్తిపోసేవాడు. పాత స్నేహితులు మిల్లు నుంచి వస్తూ లారీలో మడ్డి తెచ్చి పోసేవాళ్ళు. ఆయన ఆత్రంగా ఆ పచ్చి మడ్డినే గుంతల్లో నింపి జీడిమామిడి మొక్కలు నాటాడు.

వారం తిరగకుండానే ఆకులు వాలిపోయాయి... నల్లబడి రాలాయి. ఒక్కటి కూడా బతకలేదు.

చిన్నాయిన ఆ రోజు చెలకలోనే కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చున్నా నా వైపు చూడలేదు. చిన్నమ్మ మాత్రం మడ్డి కుప్పలో చెయ్యి పెట్టి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకుంది. లోపల పొయ్యిలా కాలుతోంది.

"పొయ్యి మీదికెళ్ళి దించిన జొన్న గట్క ఎంటనే నోట్ల పెట్టుకుంటవా? ఇది గూడ చల్లారాలె. చల్లారినంక పెడదాం... లే."

అంతే. ఆయన లేచాడు.

ఆ మడ్డిలో పెండ, గొర్రెల ఎరువు, వేపాకు కలిపి, నీళ్ళు చిలకరిస్తూ, పారతో తిరగేస్తూ ఎండాకాలమంతా మాగబెట్టారు. ఊళ్ళో ఎవరైనా రాలిన ఆకులకు నిప్పు పెట్టబోతే చిన్నాయిన గోనెసంచి పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళేవాడు.

"కాల్చకు మామా... నాకియ్యి."

కొందరు నవ్వుకునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఒక పొద్దున కుప్ప తవ్వితే పులిసిన వాసన పోయింది... తొలకరి మట్టి వాసన. లోపల ఎర్రలు... అవే, వానపాములు... కదులుతున్నాయి. చిన్నాయిన ఒక ఎర్రను తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఇగ జూడు బిడ్డా... మనకు జీతం లేని కూలోళ్ళు దొరికిన్రు" అన్నాడు. దెబ్బ తగిలాక ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

వానలు పడగానే మళ్ళీ మొక్కలు నాటారు. ఈసారి బతికాయి. ఎండాకాలం వస్తే మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు, కంది కట్టె పరవడం మా పిల్లల పని.

మొక్కలు నా భుజం దాకా ఎదిగిన ఎండాకాలంలో గుత్తేదారు మళ్ళీ వచ్చాడు. ఆ ఏడాది పంటలు పోయి ఇల్లు గడవడం కష్టంగా ఉంది. నాన్న ఆయన్ను వెంటబెట్టుకుని చెలకకు వచ్చాడు. చిన్నాయిన ముఖం పాలిపోయింది. కుంటుకుంటూ వెళ్ళి చిన్నమ్మ పక్కన నిలబడ్డాడు.

నాన్న ఒక మొక్క దగ్గర వంగి ఎండుటాకులు పక్కకు జరిపాడు. పిడికెడు మట్టి తీసి నొక్కాడు. అంత ఎండలోనూ తడిగా ఉంది... ముద్ద కట్టింది. చాలాసేపు పిడికిలి విప్పలేదు.

"ఇక్కడ మొరం లేదు సేటూ," అన్నాడు చివరికి. "మట్టి ఉన్నది."

గుత్తేదారు వెళ్ళిపోయాడు. చిన్నాయిన తల అటు తిప్పుకుని చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు దేనికో మా అందరికీ తెలుసు.

తర్వాత కాపు వచ్చింది. ఎర్రటి, పసుపుపచ్చని పండ్లు... ఆ రసం మరకలతో పాడుకాని గౌను మాకు ఒక్కటీ లేదు. పచ్చి గింజ కొరికి పెదవులు పొక్కి ఏడిస్తే, చిన్నమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టేది... తిడుతూనే కాల్చిన పప్పు నోట్లో పెట్టేది.

చిన్నాయిన పోయి కొన్నేళ్ళయింది. చుట్టుపక్కల చెలకలన్నీ మొరం తవ్వకాలకు పోయాయి. లోతైన గోతులు మిగిలాయి. మధ్యలో మా జీడిమామిడి తోట నీడ పట్టుకుని నిలబడి ఉంది. మొన్న వేసవిలో మా పిల్లలను తీసుకెళ్తే, జీడిపప్పుకు పైన పండు ఉంటుందంటే నమ్మలేదు. చిన్నమ్మ కోసిచ్చింది. చిన్నది వాసన చూసి వద్దంది... పెద్దది మాత్రం రసం కారుతుంటే మోచేతి దాకా నాక్కుంటూ తినేసింది.

పనికిరాదని అందరూ వదిలేసిన నేలను పట్టుదలగా బతికించిన మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు... వాళ్ళ పేరు ఇక్కడ రాయండి. ఇప్పుడు అలాంటి వాళ్ళ పేర్లు తలుచుకునేవాళ్ళే తక్కువైపోయారు.