ముక్కు చెప్పిన పేరు

1981 మే నెలలో, అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గరి ఒక ప్రకృతి మ్యూజియంలో కొత్తగా ఫొటోగ్రాఫర్‌గా చేరిన నాకు చిత్తడినేల పక్షుల పుస్తకం పని అప్పగించారు. ఎర్రరెక్కల బ్లాక్‌బర్డ్ జంట కావాలి. మగది ఒక పేజీలో, ఆడది పక్క పేజీలో. నెలాఖరుకు ప్రెస్సుకు పంపాలి. నన్ను పర్మనెంట్ చేయాలో వద్దో తేల్చేది ఆ పనే.

మగపక్షిని గుర్తుపట్టడం తేలిక. ఒళ్లంతా నలుపు, భుజాన ఎర్ర పట్టీ. అయితే వెలుతురు కొలిచే లైట్ మీటర్ మాట పూర్తిగా నమ్మకూడదు. అది నలుపును బూడిదరంగు చేస్తుంది, ఎరుపు వెలిసిపోతుంది. కెమెరాలోకి వచ్చే వెలుతురును ఒకటిన్నర స్టాపు తగ్గించి తీస్తే చక్కగా వచ్చింది. ఆడది మాత్రం మూడు వారాలైనా కనబడలేదు.

ఆ ఆదివారం మా తెలుగు సంఘంలో పాస్టరుగారు, దేవుడు ఒక్కదాన్నీ మరువడని ప్రభువు చెప్పిన పిచ్చుకల గురించి ప్రసంగిస్తుంటే, నేను ఫొటోలు తీస్తున్న చిత్తడిలో జమ్ము మీద వాలిన పిచ్చుక స్లైడు గోడ మీద వేశాను. ఆరాధన అయ్యాక భీమవరం సువార్తమ్మగారు నన్ను ఆపారు.

"అబ్బాయ్, చూరుకి వరికుచ్చులు కట్టి పిచ్చుకల్ని మేపినదాన్ని. వాటిది గింజలు కొరికే పొట్టి ముక్కు. ఇదేంటి, దబ్బనంలా ఉంది?"

"ఇది అమెరికా పిచ్చుకండి."

"అమెరికా వస్తే ముక్కు సాగుద్దా?"

సోమవారం ఆ స్లైడును లైట్ టేబుల్ మీద పెట్టి భూతద్దంతో చూశాను. సూదిలాంటి ముక్కు, కంటిపై లేతరంగు చార, రొమ్ము నిండా గోధుమ గీతలు. నేను వెతుకుతున్న ఆడపక్షి అదే. మగదానిలా నల్లగా కాక పిచ్చుకలా ఉన్న గోధుమరంగు చూసి మోసపోయి, అట్ట చట్రం మీద పిచ్చుక అని రాసి సంతకం చేసి, పదకొండు స్లైడ్లు పిచ్చుకల డ్రాయరులో వేసింది నేనే.

చట్రాలు మార్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ జీవులకు పేరు పెట్టే పని ఆదాముకు అప్పగించినవాడు ఆ డ్రాయరునూ చూస్తున్నాడు. పదకొండూ తీసుకెళ్లి మ్యూజియం సేకరణ చూసే క్యురేటరుకు చూపించాను. ఆయన డ్రాయరంతా వెతికించారు. నాకు ముందు పనిచేసినవాళ్లు అలాగే వేసినవి ఇంకో నాలుగు దొరికాయి. పుస్తకంలో జంట ఫొటోలు రెండూ నావే వేశారు, కింద నా పేరుతో. ఉద్యోగం ఖాయమైంది. ఆ రెండు పేజీలు ఇప్పటికీ నాకు గర్వమే.

మరుసటి ఆదివారం సంఘం ముందు నిలబడి, పోయినవారం చూపింది పిచ్చుక కాదని చెప్పాను.

"దేవుడికి ముందే తెలుసులే అబ్బాయ్," అన్నారు సువార్తమ్మగారు. "నీకే ఆలస్యమైంది."

రిటైరయ్యేదాకా ముక్కు చూడకుండా ఏ స్లైడు మీదా పేరు రాయలేదు. రంగు తర్వాత చూసుకోవచ్చు.