పిప్పి తిని చచ్చిపోయిన ఆవు కోసం అక్కుపల్లికి

పోయిన వేసవిలో ఈ బ్లాగులోనే రాశాను: జీడిమామిడి పండ్ల రసం తీశాక మిగిలే పిప్పిని పారేయకండి, పశువులకు మంచి మేత అని. ఎవరో చెప్పగా విన్నదే తప్ప చేసి చూసింది కాదు. ఈ ఏప్రిల్‌లో అక్కుపల్లి నుంచి వరాలమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. "మీరు రాసింది మా కోడలు సదివి ఇనిపించింది బాబూ. పెట్టినాం. ఆవు సచ్చిపోనాది," అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడే బయలుదేరాను. విశాఖలో పొద్దున్నే రైలెక్కితే పదిన్నరకల్లా పలాసలో దిగొచ్చు. స్టేషన్ బయట నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడవునా తోటల్లో పిక్క తీసుకుని వదిలేసిన పండ్లు కుళ్లుతున్నాయి. "పిక్కకే డబ్బులు సార్. పండునెవుడు కొంతాడు?" అన్నాడు డ్రైవర్.

వరాలమ్మకు యాభై దాటి ఉంటాయి. ఇద్దరు ఆడవాళ్లతో కలిసి వాకిట్లో పండ్లు పిండుతోంది. నేనెవరో చెప్పగానే లేచి, పెరట్లో ఖాళీ పశువులపాక చూపించింది.

"తడి పిప్పి రెండ్రోజులు మూలనుండిపోనాది. పుల్లగ వాసనొచ్చింది. మంచిదని రాసినారు కదా అని తొట్టి నిండా పోసీసినాను. ఆబగా తినీసింది. సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోయి పడిపోనాది. టెక్కలి నుంచి డాక్టరొచ్చీసరికి ఊపిరి నేదు."

"ఎండబెట్టకుండా పెట్టారా అమ్మా?" అనేశాను.

"ఎండబెట్టమని మీరు రాసినారేటి?"

రాయలేదు. జేబులోంచి డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మీ డబ్బుతో ఇంకో ఆవుని కొంటే, దాన్ని సూసినప్పుడల్లా మీరే గుర్తొత్తారు. వొద్దు."

ఇప్పుడు పిప్పిని ఏం చేస్తున్నారని అడిగాను. కొబ్బరిచెట్ల మధ్య తవ్విన గొయ్యి చూపించింది. ఆకులూ మట్టీ కలిపి అందులోనే కప్పేస్తోంది. "సెట్టు పొట్ట ఉబ్బి సావదు కదా," అని మళ్లీ పనిలో కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు.

తిరుగు రైల్లో ఆ పాత పోస్టు తెరిచాను. కింద అన్నీ మెచ్చుకోళ్లే. అప్పట్లో ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పుకున్నాను కూడా. మీరు చేసి చూశారా అని ఒక్కరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఒక ఇంటి పాడి నా పేరాతో పోయింది.

పిప్పి వాడాలనుకునేవాళ్లకు ఒక్క మాట: పిండిన రోజే పలుచగా పరిచి, చేత్తో నలిపితే పొడయ్యేదాకా ఎండబెట్టండి. పులిసిన వాసనొస్తే గోతిలో వేయండి. ఎండినదైనా పశువుల డాక్టరును అడిగాకే, దాణాలో గుప్పెడు కలపండి. ఈ నాలుగు ముక్కలూ పోయినేడాదే రాయాల్సింది.