రెండో టపాలో వచ్చిన ఉత్తరం

ఈ ఉదయం మా భవానీపురం అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీకి సున్నం కొడుతున్నారు. ముందు గోడలకు డబ్బా రంగులు వేసి, ఎవరూ చూడని గోడకు సున్నం చాలనుకున్నట్టున్నారు. తడిసిన సున్నం, అందులో కలిపిన నీలిమందు, రెండూ కలిసిన ఆ చల్లటి ఘాటు మూడో అంతస్తు దాకా వచ్చింది. బాల్కనీలో కాఫీ తాగుతున్నదాన్ని లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

నాకు పదేళ్లు నిండి నాలుగు నెలలైన శ్రావణ మాసంలో మేము బెజవాడలో, ఏలూరు కాలవకు రెండు వీధుల ఇవతల ఉండేవాళ్లం. మూడు వాటాల సొంత పెంకుటిల్లు, నడుమ గచ్చు, మూల బావి, బావి పక్కన నందివర్ధనం చెట్టు. వాన కురిసి వెలిస్తే పెంకుల చూరు నుంచి నీళ్లు గచ్చు మీద ఒకే చోట పడీ పడీ చేసిన గుంటలు పదిహేడు. వాటి మధ్య పొడిగా మిగిలిన చోట కూర్చుని గచ్చకాయలు ఆడేవాళ్లం. కాలవలో గడ్డి పడవలు వెళ్తుంటే సరంగుల కేకలు మా వంటింట్లోకి వినిపించేవి. లెక్క తప్పితే నాకు అన్నం సహించేది కాదు. ఏ రోజు ఎవరు వచ్చారో, పాలావిడ ఏ పూట రాలేదో, టపా ఎన్నిసార్లు వచ్చిందో గోడ కాలెండరు మీద పెన్సిలుతో రాసేదాన్ని.

మూడో వాటాలో ప్రకాశరావు గారు, భార్య సుశీల గారు, కూతురు విమల అద్దెకుండేవారు. ఆయన రైల్వేలో గుమాస్తా. రోజూ ఆఫీసు నుంచి వచ్చి సైకిలు స్టాండు వేస్తూ, "పంచాంగం గారూ, ఇవ్వాళ తిథేంటండీ?" అని అడిగేవారు. నేను తేదీ, వారం, తిథి మూడూ చెప్తే, "కాలెండర్లు వేసే ప్రెస్సు వాళ్లు నిన్ను చూస్తే కొట్లు కట్టేస్తారమ్మాయ్" అనేవారు. విమల నా ఈడుదే, నాకంటే పందొమ్మిది రోజులు పెద్దది.

ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. తెల్లవారుజాము నుంచి మా వంటింట్లో పూర్ణం బూరెలు నేతిలో పొంగుతుంటే ఏలకుల వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. సాయంత్రం పేరంటానికి సుశీల గారు జరీ అంచు మంగళగిరి చీర కట్టుకుని వచ్చారు. మా అమ్మ పీట వేసి కూర్చోబెట్టి, తన చేతులతో ఆవిడ పాదాలకు పసుపు రాసి, నానబెట్టిన సెనగలు, తాంబూలం వాయనమిచ్చి దణ్ణం పెట్టింది.

తర్వాతి బుధవారం విమల వాళ్ల అమ్మమ్మ గుడివాడ దగ్గర పల్లె నుంచి వచ్చింది. చెంగున కట్టిన మూటలో అటుకులు, సీసాలో చింతకాయ పచ్చడి తెచ్చింది. పొద్దున బావి దగ్గరికి వెళ్లి, చేద ముట్టుకోకుండా నాలుగు బారల దూరంలో నిలబడి, "కూసిని నీళ్లు పోయండమ్మా" అని మా అమ్మను అడిగింది. సుశీల గారు గబగబా వచ్చి, "నువ్వే తోడుకోవచ్చే అమ్మా, ఇక్కడ అవేం లేవు" అని చేద ఆమె చేతిలో పెట్టారు.

అమ్మ లోపలికి వచ్చి నన్ను పిలిచింది. మా వైపు కులం ఏమిటని ఎవరూ మొహాన అడగరు. మీదే ఊరు, ఊళ్లో ఇల్లు ఎటు పక్క అని అడుగుతారు. అది చాలు. "ఆటలో పెట్టి అడుగు. నేనడగమన్నానని చెప్పకు" అంది అమ్మ.

గచ్చకాయలు ఎగరేస్తూ అడిగాను. విమల కాయల మీంచి చూపు తిప్పకుండానే, "ఊళ్లో కాదే, కాలవ అవతల పేటలో. మా తాత సొంతంగా గోడలు పెట్టుకున్నాడు తెలుసా" అంది. ఊరు అంటుకోనివ్వని వాళ్ల ఇళ్లుండేది ఆ పేటలోనే. అది నాకూ తెలుసు. లేచి వెళ్లి ఉన్నదున్నట్టు అమ్మకు చెప్పాను. ఆ ఆట మేము పూర్తి చెయ్యలేదు.

మర్నాడు అమ్మ ప్రకాశరావు గారితో, "మా తమ్ముడు కాపురానికి వస్తున్నాడు, నెలాఖరుకు వాటా ఖాళీ చెయ్యండి" అంది. ఆయనకు అర్థమైంది.

"అంటరానితనం నేరమని యాభై అయిదులోనే చట్టం చేశారండీ. కులం చూసి ఇల్లు ఖాళీ చేయిస్తే ఊరుకునేది లేదు."

"కులం ఊసు నేనెత్తానా? మా తమ్ముడొస్తున్నాడు, అంతే."

ఆయన పోలీసు స్టేషన్లో కాగితం పెట్టారు. ఆదివారం ఎస్సై వచ్చి గచ్చు మీద కుర్చీ వేయించుకున్నారు. ముసలావిడ రాకముందే తమ్ముడు వస్తున్నట్టు తెలిసి ఉంటే కేసు లేదు, తర్వాతైతే ఉంది అన్నారు. మామయ్య ఉత్తరం ముందే వచ్చిందని చెప్పు, అని అమ్మ నన్ను లోపలికి పిలిచి అంది. అంతే అంది.

"పాపా, మీ మామయ్య ఉత్తరం ఎప్పుడొచ్చిందమ్మా?"

"గురువారం. వ్రతం ముందు రోజు. రెండో టపాలో" అన్నాను.

వారం, టపా అమ్మ నేర్పినవి కావు. నా సొంతం. లెక్క కచ్చితంగా ఉండాలని, అబద్ధాన్ని కూడా అలవాటు కొద్దీ పూర్తి చేశాను.

ఎస్సై ప్రకాశరావు గారి వైపు చూసి, "పిల్ల టపాతో సహా చెప్తోంది కదండీ" అన్నారు. ప్రకాశరావు గారు వాదించలేదు. నా తేదీ తప్పదని ఆ ఇంట్లో అందరికంటే నమ్మింది ఆయనే. విమల మాత్రం గడపలో నిలబడి నన్నే చూస్తూ, మెల్లగా, "అదేంటే?" అంది. తర్వాత ఏదో చెప్పబోయింది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది.

నెలాఖరున రెండు రిక్షాల్లో సామాను వెళ్లింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ, "వెళ్తాం అమ్మాయ్" అన్నారు. పంచాంగం గారూ అనలేదు. అమ్మ బావి తోడించి, ఆ వాటాకు రెండు పూతలు సున్నం కొట్టించింది. మామయ్య రాలేదు. ఆ వాటా పదకొండు వారాలు ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణముంది. బావిని ఎప్పుడో పూడ్చారు. కాలవలో గడ్డి పడవలు లేవు, రోజుకు రెండుసార్లు వచ్చే టపా లేదు. ఆ చట్టాన్ని తర్వాత పౌర హక్కుల రక్షణ చట్టమన్నారు. ఊళ్లో ఎటు పక్క అనే ప్రశ్న మాత్రం మా లిఫ్టులో కిందటి నెల కూడా విన్నాను. అమ్మ పోయింది. విమల ఎక్కడుందో కనుక్కోవాలని నేను ఏనాడూ ప్రయత్నించలేదు. అది కూడా నా లెక్కలోనే వెయ్యాలి. నా మాట దిద్దుకోవడానికి ఇప్పుడు ఏ స్టేషనూ లేదు గనక ఇక్కడ రాస్తున్నాను. ఆ గురువారం రెండో టపాలో మా ఇంటికి వచ్చింది ఒకే ఒక్క ఉత్తరం. అది విమల వాళ్ల అమ్మమ్మ ఎవరిచేతో రాయించిన కార్డు, బుధవారం వస్తున్నానని. పోస్ట్‌మన్ దగ్గర అందుకుని, పరిగెత్తుకెళ్లి విమల చేతికిచ్చింది నేనే.