లడ్డు కంటి కుట్లు

ఈ ఉదయం మా ఊరు ఎన్నిస్ బజారులో మెడచుట్టూ ప్లాస్టిక్ కోన్ తొడిగిన కుక్క ఎదురైంది. మా చిన్నప్పటి కుక్క లడ్డు గుర్తొచ్చి కాలు ఒకచోట నిలవలేదు.

నాకప్పుడు ఆరేళ్లు. లడ్డు కంట్లో పుండు పడితే డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, మానేదాకా రెప్ప మూసి కుట్టేసింది.

"ఎవరి దిష్టో తగిలింది," అంది అమ్మ.

దాని కళ్లు ఎంత బాగున్నాయోనని రోజూ మురిసేది నేనే. అందుకే దానివైపు చూడటం మానేశాను. ఒకచోట కూర్చోలేక గది నుంచి గదికి తిరిగేదాన్ని. కోన్ తలుపులకు కొట్టుకుంటూ అదీ నా వెనకే వచ్చేది.

కుట్లు విప్పించి తెచ్చిన రోజు అమ్మ పిలిచింది. "చూడవే, కన్ను గ్రాండ్‌గా ఉందట, బాగా మానిందట."

"నో మమ్మీ. నేను చూస్తే మళ్లీ పోతుంది."

"పిచ్చిదానా, గడ్డిపరక గీసుకుందట. నీ చూపేం చేస్తుంది?"

మెల్లగా చూశాను. కంట్లో చిన్న తెల్లమచ్చ మిగిలింది.

నేను ముఖం తిప్పుకున్న అన్ని రోజులూ, అది తెరిచున్న ఆ ఒక్క కంటితో నన్నే వెతుక్కుంది.